వెళ్లిన తేదీ

ఆ ఏడాది తోకూపుడు పిట్ట అక్టోబరు ఆరో తేదీన వచ్చింది. వంటింటి గోడ మీది క్యాలెండర్లో ఆరు అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన 'వచ్చింది' అని రాశాడు సూరిబాబు. పదకొండేళ్ల నుంచి రాస్తున్నాడు. కాకపోతే ఈసారి హాల్లోంచి ఆ క్యాలెండరు దాకా అతన్ని భార్య నూకరత్నం చెయ్యి పట్టుకుని నడిపించుకు రావలసి వచ్చింది.

పుస్తకాల్లో ఆ పిట్టకి పెద్ద పేరే ఉంది. రత్నం పక్షుల మీద డాక్టరేట్ చేసిన మనిషి, ఆ పేరు ఆవిడకి కంఠతా వచ్చు. కానీ మొదటిసారి దాన్ని చూసిన రోజున సూరిబాబు "ఏటిది, నిలబడ్డ సోట నిలబడకుండా తోకూపతంది, మన దాలినాయుడు డిపో మేనేజరు ముందు ఊగినట్టు" అన్నాడు. ఆ తరవాత ఆ ఇంట్లో ఇంకో పేరు నిలబడలేదు. బూడిదరంగు వీపు, పసుపు పొట్ట, ఒంటికంటే పొడుగు తోక. హిమాలయాల దగ్గర వాగుల ఒడ్డున గుడ్లు పెట్టి, అక్కడ చలి మొదలవగానే దేశమంతా దాటి వచ్చి, చింతపల్లిలో వీళ్ల పెరటి కాఫీ కళ్లం మీద దిగేది. పక్కవాళ్లకీ కళ్లం ఉంది. అక్కడ మాత్రం వాలేది కాదు. రత్నానికి ఆ సంగతి చెప్పుకోవడమంటే మహా గర్వం.

సూరిబాబు ఆర్టీసీ డ్రైవరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ మీద పద్దెనిమిదేళ్లు బస్సు నడిపాడు. పెళ్లికి ముందు రత్నం రోజూ ఆ బస్సులోనే తిరిగేది, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, పిట్టల పంజరాలు రెండు చేతుల్లో పట్టుకుని. ఏ ఒక్క రోజూ వేళకి స్టాపులో ఉన్న పాపాన పోలేదు. సూరిబాబు బస్సాపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "అయిదు నిమిషాలాగుతాను డాక్టరమ్మా, బేగి రండి" అని కేకేసేవాడు. ప్రయాణికులు సణిగేవారు, కండక్టర్ దాలినాయుడు తల పట్టుకునేవాడు. బస్సు మాత్రం కదిలేది కాదు. ఆ అయిదు నిమిషాలే పెరిగి పెరిగి పెళ్లి దాకా వచ్చాయని దాలినాయుడు ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

అంతకుముందు చలికాలంలో సూరిబాబుకి మెదడువాపు జ్వరం వచ్చింది. లేచాక మనుషులు గుర్తున్నారు, పాత కబుర్లు గుర్తున్నాయి, వేళాకోళం ఎక్కడికీ పోలేదు. పోయిందల్లా దారి. ఏ గది పక్కన ఏ గది ఉందో, గేటు బయట కుడికి తిరగాలో ఎడమకి తిరగాలో బుర్రకి ఎక్కడం మానేసింది. స్నానాల గది అనుకుని బీరువా తలుపు తీసేవాడు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ మంచులో కూడా తడబడకుండా తిప్పిన మనిషి. "నా ఇంట్లో నానే సుట్టంలాగున్నానే" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక రత్నం వంటింట్లోకి వెళ్లిపోయేది.

కిందటి శ్రావణంలో ఒకరోజు పెరట్లోని కాఫీ తోటలోకి వెళ్లి తొమ్మిది గంటలు కనిపించలేదు. వీధి వీధంతా వెతికింది. చివరికి ఇంటికి నలభై గజాల దూరంలో, సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో, వానలో తడుస్తూ కూర్చుని ఉన్నాడు. వంటింటి పెంకులు అక్కడినుంచి కనిపిస్తూనే ఉన్నాయి.

"ఒక్క కేక వెయ్యలేకపోయారా?" అని రత్నం ఏడ్చింది.

"ఆ కనబడతన్న ఇల్లెవరిదో తెలీకుండా ఎవర్నని పిలవమంటావు?" అన్నాడు సూరిబాబు. అప్పటిదాకా అతను నవ్వకుండా మాట్లాడిన మాట అదొక్కటే. రత్నం ఆ రోజే ఒక నిశ్చయానికి వచ్చేసింది.

*

ఊరి చివర పాత కాఫీ గోడౌనులో ఉన్న చిన్న పరిశోధనశాలలో రత్నం పనిచేసేది. ఆరేళ్లుగా ఆవిడ వెంటపడిన ప్రశ్న ఒక్కటే: పిట్టకి దిక్కు ఎలా తెలుస్తుంది? భూమి అయస్కాంత శక్తిని పసిగట్టే కణాలు పిట్ట ఒంట్లో ఆవిడకి దొరికాయి. పిట్ట రెక్క కింద నుంచి ఒక్క చుక్క నెత్తురు తీసి, ఆ కణాలను గాజు పళ్లెంలో పెంచి, బియ్యపు గింజంత ముక్క చేసి తెల్ల ఎలుక చెవి వెనక అమర్చేది. పది రోజులు ఒకేచోట ఉంచితే ఆ ముక్క ఆ చోటునే ఇల్లనుకునేది. ఇక ఆ ఎలుకని సంచిలో వేసి ఊరంతా తిప్పి వదిలినా, దారికి అడ్డంగా ఎన్ని గోడలు కట్టినా, తిన్నగా గూటికి వచ్చి చేరేది.

నెత్తురు చుక్క మాత్రం తన పెరటి తోకూపుడు పిట్టలదే తీసేది. వేల మైళ్లు ఎగిరొచ్చి తన కళ్లం వెతుక్కుని వాలే ప్రాణికంటే ఇల్లు తెలిసిన ప్రాణి ఎక్కడుంటుంది? దానికి పదకొండు క్యాలెండర్ల సాక్ష్యం ఉంది.

ల్యాబులో రత్నానికి కుడిభుజం కృపావతి. పాడేరు పిల్ల, మొహమాటం తెలియదు. సూరిబాబుకి ఆ ముక్క అమర్చాలని రత్నం అన్న రోజున చేతిలో ట్రే కింద పెట్టేసింది.

"ఉండిపోయే పిట్టలు ఇన్నున్నాయి కదా మేడమ్. గోరింకలు, పిగిలిపిట్టలు, పిచికలు. మనిషికి పెట్టడానికి పోయే పిట్టే కావాలా?"

"గోరింకని తీసుకెళ్లి విశాఖపట్నంలో వదిలితే తిరిగొస్తుందా? వెళ్లినదానికే కదా కృపా, వచ్చే దారి తెలిసేది."

"మరి వెళ్లాలన్న తొందర కూడా ఆ కణాల్లోనే ఉంటే?"

"ఆ తొందర పిట్ట మెదడు పుట్టిస్తుంది. మనం తీసుకునేది దిక్కు ఒక్కటే."

"ఒక్క ఏప్రిల్ దాకా ఎలకల్ని చూద్దాం మేడమ్."

ఎలుకల ప్రయోగం ఎప్పుడూ తొంభై రోజులే. పిట్టలు వచ్చాక నవంబరులో మొదలు, జనవరి ఆఖరుకి రిపోర్టు. రిపోర్టు వెళ్లిపోయాక ఎలుకల్ని మందిచ్చి నిద్రపుచ్చేసేవారు. మార్చి నెల మొహం చూసిన ఎలుక ఒక్కటీ లేదు. రత్నానికి ఇది తెలియక కాదు. తొమ్మిది గంటలు వానలో తడిసిన మనిషి కళ్లముందు మెదులుతుంటే ఏప్రిల్ ఎక్కడో కొండల అవతల ఉన్నట్టనిపించింది. అప్పటిలోగా ఈయన ఏ లోయలో పడతారో అని ఆవిడ బెంగ. అనుమతి కాగితాల మీద మొదటి సంతకం సూరిబాబే పెట్టాడు. పెడుతూ, "రెక్కలు కూడా వత్తాయేటి డాక్టరమ్మా?" అని అడిగాడు.

*

నవంబరులో గింజంత ముక్క సూరిబాబు ఎడమ చెవి వెనక కుదురుకుంది. పది రోజులు ఇల్లు కదలనివ్వలేదు. పదకొండో రోజు పొద్దున, మంచు విడవకముందే, రత్నం అతన్ని బజారు దాకా తీసుకెళ్లి చెయ్యి వదిలేసింది.

సూరిబాబు నడిరోడ్డు మీద కళ్లు మూసుకుని మెల్లగా చుట్టూ తిరిగాడు. ఒకచోట ఆగాడు. "ఇటు తిరిగితే సెవి ఎనక వెచ్చగుందే. ఎవరో అరిసెయ్యి ఆనించినట్టుంది" అన్నాడు. ఆ వెచ్చదనం తప్పిపోకుండా మూడు సందులు తిరిగి, ఎవర్నీ అడక్కుండా, తన గేటు గడియ తనే తీశాడు. వెనకాలే వచ్చిన రత్నం ఆ గేటు పట్టుకుని పసిపిల్లలా ఏడ్చేసింది.

ఆ చలికాలం వాళ్లకి మళ్లీ పెళ్లయినట్టే గడిచింది. పొద్దున్నే ఒకే దుప్పటి ఇద్దరూ కప్పుకుని, చేతిలో కాఫీ గ్లాసులతో అరుగు మీద కూర్చునేవారు. సూరిబాబు మంకీ టోపీలోంచి కళ్లు మాత్రమే కనిపించేవి. మంచులోంచి ముందు జామచెట్టు బయటపడేది, దాని మీద పిగిలిపిట్టలు. తరవాత మందారం, దాని చుట్టూ తేనెపిట్ట. సిల్వర్ ఓక్ మీద వడ్రంగిపిట్ట పని మొదలెట్టేది. అందరికంటే ముందు లేచేది తోకూపుడు పిట్టే. ఆరబోసిన కాఫీ గింజల మధ్య కళ్లం నాలుగు వైపులా రౌండు కొట్టి, గుంజకి కట్టిన పాత బస్సు అద్దం దగ్గరికి వెళ్లేది. సూరిబాబు గడ్డం గీసుకునే అద్దం అది. అందులో తన బొమ్మనే చూసి, ఎవడో పరాయివాడు తన కళ్లంలోకి జొరబడ్డాడని ముక్కుతో పొడిచి పొడిచి అలిసిపోయేది.

"ఓసే, అది నువ్వేనే తింగరిదానా" అనేవాడు సూరిబాబు. కరివేపాకు కావాలంటే తనే వెళ్లి తెచ్చేవాడు. సాయంత్రాలు బస్టాండుకి పోయి దాలినాయుడితో కబుర్లాడి తిరిగొచ్చేవాడు. ల్యాబులో రత్నం తొంభై రోజుల రిపోర్టు పూర్తి చేసింది. దారి తప్పే మనుషులున్న ఇళ్ల నుంచి, తమవాళ్లకీ అమర్చమని, అప్పుడే ఉత్తరాలు వస్తున్నాయి.

*

ఫిబ్రవరి ఆఖరి వారంలో ఒక పొద్దున రత్నం పెరట్లోకి వచ్చేసరికి కళ్లం మీది కాఫీ గింజల్లో అడుగుల చాళ్లు కనిపించాయి. ఎన్నిసార్లు నడిస్తే అలా పడతాయో తెలియదు. అన్నీ అరుగు దగ్గర మొదలై ఉత్తరం గోడ దాకా వెళ్లాయి. గోడ దగ్గర సూరిబాబు చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

"ఇంత చలిలో ఏం చేస్తున్నారిక్కడ?"

"ఏటో, కాళ్లు నిలబడ్డం లేదే."

"ఇల్లు అటుంది కదండీ."

"తెలుసు. వెచ్చగా మాత్రం ఇటుంది" అన్నాడు సూరిబాబు, గోడ వైపు చూస్తూనే.

ఆ రోజు నుంచీ అతను కాలు గాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. అన్నం నిలబడి తినేవాడు, అదీ సగమే. మాట మధ్యలో లేచిపోయేవాడు. ఎదురుగా వచ్చిన రత్నాన్ని కుర్చీని తప్పించుకున్నట్టు తప్పించుకుని ఉత్తరం కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. రత్నానికి భయం కంటే ముందు కోపం వచ్చింది, కోపం వెనక చెప్పుకోలేని దుఃఖం వచ్చింది. ఇన్నాళ్లూ ఈయన తిరిగొచ్చింది నా దగ్గరికి కాదన్నమాట, చెవి వెనక వెచ్చదనం దగ్గరికి అన్నమాట అని ఆవిడ తనలో తను కుమిలిపోయింది.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం దాలినాయుడు అతన్ని బస్సులో ఎక్కించుకుని తెచ్చి దింపాడు. దాలినాయుడి మొహం మీద చెమటలు కారుతున్నాయి.

"సెల్లెమ్మా, సీలేరు రోడ్డులో పద్నాలుగో కిలోమీటరు కాడ ఒక్కడూ నడిసిపోతన్నాడు. హారన్ కొట్టినా తిరిగి సూళ్లేదు. నా బస్సు హారన్, పద్దెనిమిదేళ్లు ఆడు కొట్టిన హారన్! ఎక్కడికి బావా అంటే, ఆ కొండల అవతలకి అన్నాడు. ఇంట్లో ఏటైనా గొడవా?"

రత్నం అదేం లేదంది. పాదాలు రెండూ పొక్కులెక్కిన సూరిబాబు అరుగు మీద కూర్చుని, దాలినాయుడు వెళ్లీ వెళ్లకముందే మళ్లీ లేచాడు.

మర్నాడు ల్యాబులో కృపావతి రెండు కాగితాలు ఆవిడ ముందు పరిచింది. రత్నానికి చెప్పకుండా జనవరి నుంచి ఒక తోకూపుడు పిట్టని పంజరంలో ఉంచింది ఆ పిల్ల. పంజరం అడుగున సిరా మెత్త, చుట్టూ వాలుగా తెల్ల కాగితం. పిట్ట ఎటు ఎగరబోతే అటు కాగితం మీద గోళ్ల గీతలు పడతాయి. జనవరి కాగితం మీద గీతలు అన్ని వైపులా ఉన్నాయి. ఫిబ్రవరి కాగితం ఉత్తరం వైపు నల్లగా అలికేసినట్టుంది, మిగతా అంతా తెల్లగానే ఉంది. రత్నానికి తన కళ్లం మీది చాళ్లు గుర్తొచ్చాయి.

"తొందర కూడా కణాల్లోనే ఉంది మేడమ్" అంది కృపావతి. తప్పు పట్టే గొంతు కాదది. అందుకే రత్నానికి మరీ కష్టంగా అనిపించింది.

ముక్క అమర్చిన సర్జనుకి ఫోన్ చేస్తే, కణాలు నరంతో అల్లుకుపోయి ఉంటాయి, తీసెయ్యవచ్చు గానీ ఆ చెవి వినికిడి సగం పోతుంది, దిక్కు ఎలాగూ పోతుంది అన్నాడు. సోమవారం తీసుకురమ్మన్నాడు. అంతవరకూ మనిషిని కదలనివ్వవద్దని గట్టిగా చెప్పాడు. రత్నం బజారుకెళ్లి గేటుకి తాళం కొంది.

*

మూడు రోజులు గేటుకి తాళం ఉంది. సూరిబాబు కేకలెయ్యలేదు, తాళం చెవి అడగలేదు. గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడేవాడు. అరిచేతులకి తుప్పు అంటుకునేది. రత్నం తడిగుడ్డతో తుడిస్తే చేతులిచ్చేవాడు, తుడవగానే మళ్లీ వెళ్లేవాడు.

శనివారం సాయంత్రం ఆవిడ అతని పక్కన నిలబడి, "ఎల్లుండి తీయించేద్దామండీ. ఈ యాతన తీరిపోతుంది" అంది.

"తియ్యొద్దే."

"నా మాట వినండి."

"తీసీసేక నేను మళ్లీ ఆ సెట్టు కింద కూకోవాలి కదే."

"నేనుంటాను కదా పక్కన."

"అప్పుడూ ఉన్నావు. నలభై గజాల్లోనే ఉన్నావు. నాకు తెల్లేదు" అన్నాడు సూరిబాబు. "ఇప్పుడు ఎటు పోవాలో ఒకటి తెలుస్తంది. అది నా ఇల్లు కాదు, నాకూ తెలుసు. కానీ తెలీడమంటే ఎలాగుంటాదో మళ్లీ సూసేక, ఆ సీకట్లోకి ఎల్లలేను రత్నం."

రత్నం ఇంట్లోకి నడిచింది. ఈ తొందర ఎన్నాళ్లుంటుందో తెలిస్తే సర్జనుని ఆగమనవచ్చు కదా అని ఆశ పుట్టింది. పెరటి పిట్ట ఏటా ఏ తేదీకి వెళ్లిపోతుందో తెలిస్తే చాలు. మంచం కింద ట్రంకు పెట్టె లాగి పదకొండు క్యాలెండర్లూ బయటకి తీసింది. అక్టోబరు నాలుగు, వచ్చింది. అక్టోబరు తొమ్మిది, వచ్చింది. సెప్టెంబరు ముప్ఫై, ఈసారి బేగి వచ్చింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలు పాలవాడి లెక్కలతో, గ్యాసు బండ తేదీలతో నిండి ఉన్నాయి. పిట్ట వెళ్లిన తేదీ ఒక్క ఏడాదీ లేదు.

పిట్ట వచ్చిన రోజు పండగ. వెళ్లిన రోజు ఎవరికీ తెలియదు. ఒకరోజు కనిపించదు, రెండో రోజు కనిపించదు, వారం పోయాక ఈమధ్య రావడం లేదేమిటి అనుకుంటారు. సూరిబాబు డ్రైవరు, రాయలేదంటే సరే. తను డాక్టరమ్మ. ఎలుకల్నీ అలాగే చూసింది, మొగుణ్నీ అలాగే చూసింది, ఇంటికి చేరాడా లేదా అని ఒక్కటే. రత్నానికి తన చదువంతటి మీదా అసహ్యం వేసింది.

ఆదివారం తెల్లవారుతూనే కళ్లం మీదికి చూసింది. తోకూపుడు పిట్ట లేదు. బస్సు అద్దం దగ్గర లేదు, గోడ మీద లేదు. మంచు కాస్త పలచబడేదాకా అరుగు మీదే కూర్చుంది. రాలేదు. నిన్న సాయంత్రం ఉంది, ఆవిడే చూసింది. కృపావతికి ఫోన్ చేసి పంజరం తలుపు తీసెయ్యమంది. తరవాత తాళం చెవి తీసుకుని గేటు దగ్గరికి నడిచింది.

తాళం తీసింది. సూరిబాబు నమ్మలేనట్టు తాళం వైపు చూశాడు, ఆవిడ వైపు చూడలేదు. గేటు తెరుచుకోవడమే తడవు రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. నాలుగడుగులు, పది, ఇరవై. మంకీ టోపీ మంచులో మసకబారింది. రత్నానికి వెనక వెళ్లాలని ఉంది. పిలవాలని ఉంది, ఏమని పిలవాలి? ఇటు ఉన్నది అతనికి వట్టి చల్లటి వైపు. పోనీ, ఒక్కసారి వెళ్లడం అనేది కళ్లారా చూద్దాం అనుకుని గేటు పట్టుకుని నిలబడింది.

సూరిబాబు ఆగాడు.

కాళ్లు రెండూ వణుకుతున్నాయి, బ్రేకు తొక్కిపట్టిన బస్సులాగా. ఆగి, బలవంతంగా వెనక్కి తిరిగాడు. ఉత్తరానికి వీపు పెట్టి ఇంటివైపు చూశాడు. మంచులో ఆవిడ ఎక్కడుందో వెతుక్కుని, దొరికాక అరిచాడు.

"ఏటే అలా నిలబడిపోయావు? అయిదు నిమిషాలాగుతాను డాక్టరమ్మా, బేగి రా!"

రత్నం అక్కడినుంచే, "చెవి వెనక ఎలా ఉందండీ?" అని అడిగింది.

"మంచుగెడ్డ పెట్టినట్టుంది. అందుకే బేగి రమ్మంతన్నాను" అన్నాడతను పళ్లు బిగించి. వెచ్చదనం పిలుస్తున్నది అటు. ఈ వైపు తిరగమని ఏ పిట్ట నెత్తురూ అతనికి చెప్పలేదు.

రత్నం లోపలికి పరుగెత్తింది. రెండు స్వెట్టర్లు, అతని మాత్రలు, బైనాక్యులర్స్ సంచిలో కుక్కింది. మెడకీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని కృపావతితో మాట్లాడింది. "సర్జనుకి రావడం లేదని చెప్పు. రిపోర్టు వెనక్కి తెప్పించు. ప్రయోగం అయిపోలేదని రాయి, ఏడాది పూర్తయ్యేదాకా ఇంకెవరికీ అమర్చడానికి వీల్లేదని రాయి. తప్పు నాదని నా పేరుతోనే రాయి."

"మరి అక్టోబరుకి సార్ ఇటు తిరక్కపోతే మేడమ్?"

"తెలీదు కృపా. ఈసారి పక్కనుండి చూస్తాను."

చెప్పులేసుకుని గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. క్యాలెండర్లో మార్చి ఏడు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, 'వెళ్లింది' అని రాసింది. దాని కింద 'మేమూ' అని రాసి బయటికి పరుగెత్తింది.

అయిదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. సూరిబాబు అక్కడే, ఇంటివైపు తిరిగే నిలబడి ఉన్నాడు.